వారంలో రెండు నదుల్లో ట్రౌట్ వేట: ఏ ఫ్లైలు, బూట్లు ఎలా కడగాలి?

అడిగింది ఇది: వసంతంలో ఒకే వారంలో రెండు వేర్వేరు నదుల్లో ట్రౌట్ అనే చల్లనీటి చేప కోసం ఫ్లై ఫిషింగ్ (కొక్కేనికి పురుగులా కట్టిన ఎరతో వేట, ఆ ఎరే ఫ్లై), మధ్యలో ఖాళీ ఒక్క రోజే. ఏ ఫ్లైలు కట్టాలి, బూట్లు ఎండలో ఆరేస్తే సరిపోతుందా, బ్లీచ్ కొట్టాలా?

బూట్లకి అంటుకుని ఒక నది నుంచి ఇంకో నదికి చేరే నత్తలకీ, నాచుకీ ఒక్క రోజు ఎండ చాలదు. పలుచని బ్లీచ్‌కి నత్తలు చావవు. అంత తక్కువ వ్యవధిలో నమ్మదగినవి వేడి నీళ్లు, ఫ్రీజర్. ఇంకా తేలిక కావాలంటే రెండో నదికి రెండో జత బూట్లు పెట్టుకోండి. నత్తలో నాచో ఉందని ఇప్పటికే తెలిసిన నదిని చివరికి ఉంచండి. ఒకే నదిలో రెండు చోట్లయితే ఎగువన మొదలుపెట్టి దిగువకి రండి. పై నీళ్లు ఎలాగూ కిందికే వస్తాయి. కింది బురదని పైకి మోసుకెళ్లేది మన కాళ్లే.

వేట విషయంలో వసంతం మీకు కలిసొస్తుంది. మంచు కరిగి నీళ్లు చల్లగా, జోరుగా ఉంటాయి కాబట్టి ట్రౌట్ నడి ప్రవాహంలో నిలవదు. ఒడ్డు వారన, బండల వెనక, మోకాలి లోతులో నెమ్మదిగా పారే నీళ్లలో ఉంటుంది. నడుము లోతు దాకా దిగి అవతలి ఒడ్డుకి విసిరేవాళ్లు చేపల మీదుగా నడిచి వెళ్లినట్టే. ముందు గట్టు మీద నిలబడి దగ్గరి నీళ్లన్నీ చూసుకోండి. నీళ్లలోకి ఎంత తక్కువ దిగితే తర్వాత కడిగే పని అంత తక్కువ.

జేబులో థర్మామీటర్ ఉంచుకోండి. నీళ్లు 5 డిగ్రీల లోపుంటే చేప పెద్దగా కదలదు, ఫ్లై దాని మూతి ముందు నుంచే పోవాలి. 7, 8 దాటితే తిండి మీదికి వస్తుంది. అందుకే తెల్లవారకముందే పరిగెత్తనక్కర్లేదు, పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా చాలు. రాత్రి వెచ్చగా ఉండి మంచు బాగా కరిగితే మాత్రం మర్నాడు నది ఉబ్బి, రంగు మారి, మళ్లీ చల్లబడుతుంది. మోకాలి లోతులో బూటు కొన కనిపించకపోతే ఆ పూటకి ఆపేయడమే మేలు.

9 అడుగుల 5 వెయిట్ (మధ్యస్థ బలమున్న) రాడ్, లైన్ కొసకి 9 అడుగుల లీడర్ అనే సన్నని దారం, దాని చివర ఇంకా సన్నగా 0.15 మి.మీ. మందమున్న 5ఎక్స్ టిప్పెట్. నీళ్లు కాస్త మసగ్గా ఉంటే కొంచెం మందమైన 4ఎక్స్. ఫ్లైలు రెండూ నీటి అడుగున పోయేవే: ముందు టంగ్‌స్టన్ పూస ఉన్న 14 నంబరు హేర్స్ ఇయర్ కట్టి, దాని కొక్కెం వంపుకి 45 సెం.మీ. టిప్పెట్‌తో 18 నంబరు (నంబరు పెరిగితే కొక్కెం చిన్నది) ఫెజంట్ టెయిల్ కట్టండి. ఇండికేటర్, అంటే మన బెండు, ఫ్లై నుంచి నీటి లోతుకి ఒకటిన్నర రెట్లు పైన ఉండాలి.

చేప పట్టనప్పుడు ఫ్లై మార్చేముందు బెండు పక్కన తేలే నురుగు బుడగని గమనించండి. పై నీళ్లు అడుగు నీళ్ల కన్నా వేగంగా పోతాయి. కాబట్టి బెండు బుడగ కన్నా కొంచెం వెనకబడుతుంటే ఫ్లైలు అడుగున సరిగ్గా పోతున్నట్టు. బుడగని దాటి ముందుకు పోతుంటే లైన్ దాన్ని ఈడ్చుకెళ్తోంది, వెంటనే లైన్‌ని ఎగువ వైపుకి ఎత్తి వేయండి. నాలుగైదు విసుర్లలో ఒక్కసారి కూడా రాయి తగిలి బెండు తడబడలేదంటే ఫ్లైలని ఇంకో 15 సెం.మీ. కిందికి దించండి. ప్రతి విసురుకీ చిక్కుకుంటుంటే అంతే పైకి.

మబ్బు పట్టి సన్నగా జల్లు పడే మధ్యాహ్నం బ్లూ వింగ్డ్ ఆలివ్ అనే చిన్న మేఫ్లైలు తొలకరికి ఉసిళ్లు లేచినట్టు లేస్తాయి. అప్పుడు 18 లేదా 20 నంబరు డ్రై ఫ్లై, అంటే నీటిపై తేలేది. అయితే చేప మూతి కాకుండా వీపు, తోక మాత్రమే పైకి తేలుతుంటే అది ఇంకా నీటి పొరని దాటని పురుగుల్ని తింటోంది. డ్రై ఫ్లై తీసేసి, నీటి పొరలోనే వేలాడే ఎమర్జర్ కట్టండి.

రెయిన్‌బో, కట్‌థ్రోట్ ట్రౌట్లు గుడ్లు పెట్టేది వసంతంలోనే. చుట్టూ రాళ్లు నల్లగా ఉండి, మధ్యలో కడిగినట్టు తెల్లగా మెరిసే గులక కనిపిస్తే అది గుడ్ల గుంట. దిగువ అంచున ఎత్తుగా ఉన్న గులక కింద గుడ్లుంటాయి. నిలబడడానికి బాగుందని చాలామంది అడుగేసేదీ అక్కడే.

ఇక మోసుకెళ్లకూడనివి. న్యూజిలాండ్ మడ్ స్నెయిల్ 5 మి.మీ. నత్త, 1987లో అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని స్నేక్ నదిలో బయటపడింది. వలస వచ్చిన చోట్ల దాదాపు అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే పిల్లల్ని కంటాయి. అంటే ఒక్కటి చాలు. గట్టి మూత బిగించుకుంటుంది కాబట్టే సబ్బునీళ్లు, బ్లీచ్ లోపలికి పోవు. ట్రౌట్ మింగినా చాలా నత్తలు బతికే బయటికొస్తాయి, చేప మాత్రం చిక్కిపోతుంది. వర్లింగ్ డిసీజ్ వేరే రకం, చేపలకి వచ్చే పరాన్నజీవి రోగం. దాని బీజాణువులు బురదలో ఉంటాయి, ట్యూబిఫెక్స్ అనే పురుగు ద్వారా చేపపిల్లల మృదులాస్థికి చేరతాయి. 1990లలో మోంటానాలోని మాడిసన్ నదిలో రెయిన్‌బోలు భారీగా తగ్గిపోయింది దీనివల్లే. 50 డిగ్రీల నీళ్లు దీన్ని చంపవు కాబట్టి బురదని పూర్తిగా వదిలించడమే మార్గం. చేప తల, పేగులు కూడా నీళ్లలో పారేయొద్దు, చెత్తలో వేయండి.

కడిగే పని నది ఒడ్డునే మొదలవ్వాలి. బూట్ల లేసులు విప్పి, లోపలి అట్ట తీసి, బూటు నాలుక కింద, మేకుల చుట్టూ గట్టి బ్రష్‌తో అదే నది నీళ్లతో రుద్దండి. నత్తపిల్లలు ఇసుక రేణువంత ఉంటాయి, కంటికి కనిపించలేదని వదలొద్దు. ఇంటికొచ్చాక 50 డిగ్రీల నీళ్లలో బూట్లు పూర్తిగా మునిగేలా 20 నిమిషాలు. నత్తకీ, డిడిమో నాచుకీ ఇది చాలు. ఇక్కడ అందరికీ జరిగే పొరపాటు ఒకటే: చల్లటి బూట్లు వేయగానే నీళ్లు 40కి పడిపోతాయి. థర్మామీటర్ అందులోనే ఉంచి, వేడి నీళ్లు కలుపుతూ, మళ్లీ 50కి చేరాకే సమయం లెక్కపెట్టండి. గాలి ఆడే వేడర్లని (నీళ్లలో దిగడానికి తొడిగే, తడి చొరని ప్యాంట్లని) ముంచేముందు లేబుల్ చదవండి, కొన్నింటి అతుకుల టేపు వేడికి ఊడుతుంది. వాటికీ, జిగురు మీద అనుమానమున్న బూట్లకీ ఫ్రీజర్ నయం: సంచిలో పెట్టి, లోపలిదాకా గడ్డకట్టాక కనీసం 8 గంటలు. గడ్డకట్టిన బూటుని వంచకండి.

ఆరబెట్టడమే దారైతే, చేతికి తడి తగలనంతగా లోపలా బయటా ఆరాక మరో 48 గంటలు ఉంచాలి. వేడర్ల నియోప్రీన్ మేజోళ్లు తిరగేయకపోతే వేలి కొనల దగ్గర రోజుల తరబడి ఆరవు, తడి ఉన్నచోట నత్త వారాల పాటు బతుకుతుంది. వల కొంటే రబ్బరుది కొనండి, నూలు వలలో తడి పోదు.

ఫెల్ట్ (ఉన్ని అట్ట లాంటి) అడుగుల బూట్లు తడి పట్టి నాచు లాంటివి మోస్తాయని వాటిని న్యూజిలాండ్ 2008లో, అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కు 2018లో నిషేధించాయి. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 2011లో నిషేధించి 2016లో ఎత్తేసింది. డిడిమో దట్టంగా పెరగడానికి నీళ్లలో ఫాస్ఫరస్ మరీ తక్కువ కావడం కారణమని తర్వాత తేలింది, చాలాచోట్ల ఆ నాచు ముందునుంచీ ఉన్నదే. అయినా ఫెల్ట్ వద్దనే నా సలహా, ఆరబెట్టడం నరకం. రబ్బరు అడుగు, కార్బైడ్ మేకులు తీసుకోండి. అన్నట్టు, మనం వేటాడే రెయిన్‌బో, బ్రౌన్ ట్రౌట్లు కూడా ప్రపంచంలోని 100 చెడ్డ చొరబాటు జాతుల జాబితాలో ఉన్నాయి. న్యూజిలాండ్‌లో స్థానిక గెలాక్సిడ్ చేపల్ని తినేస్తున్నవి ఇవే.

రాయి తిప్పినప్పుడు మిరియం గింజ కన్నా చిన్న, కూచిగా ఉన్న గోధుమరంగు నత్తలు గుంపుగా కనిపిస్తే పక్కన నాణెం పెట్టి ఫొటో తీయండి, చోటు గుర్తు పెట్టుకోండి, స్థానిక మత్స్యశాఖకి పంపండి. బతికున్న నత్తని చూపించడానికి పట్టుకెళ్లకండి.