కొత్త గ్రాఫిక్స్ కార్డుకి పాత వీజీఏ మానిటర్ తగిలిస్తే "నో సిగ్నల్" వస్తోంది, మానిటర్ మార్చాల్సిందేనా?

మీ కార్డు పాడైపోయి ఉండదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇది: విజయవాడ పటమటలో మీ ఇంట్లో పాత 19 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్ ఉంది, దాని వెనక నీలం రంగు వీజీఏ పోర్టు ఒక్కటే. తమ్ముడి ఇంజనీరింగ్ చదువు కోసం కొన్న ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డుకి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉన్నాయి. ఒక చివర హెచ్‌డీఎంఐ, రెండో చివర వీజీఏ ఉన్న కేబుల్ చవగ్గా దొరికితే తెచ్చి తగిలించారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద మాత్రం "నో సిగ్నల్". షాపులో అడిగితే కొత్త మానిటర్ కొనాల్సిందే అన్నారు.

కొనక్కర్లేదు. కనీసం ఇప్పుడే కొనక్కర్లేదు. నా అనుమానమంతా ఆ కేబుల్ మీదే. అది తేలాలంటే సీపీయూని హాల్లోకి మోసుకెళ్లి, మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఇంట్లో టీవీకి తగిలించండి. బొమ్మ వచ్చిందంటే కార్డు బాగున్నట్టే. టీవీలో కూడా రాకపోతే కార్డుకి విడిగా పవర్ వైరు పెట్టాల్సిన సాకెట్ ఉందేమో, అది ఖాళీగా వదిలేశారేమో చూడండి.

నేను ఉండేది గుంటూరు. అరండల్‌పేటలో మా బాబాయికి డీటీపీ సెంటరు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికలొస్తే రాత్రింబవళ్లు ఫ్లెక్సీ డిజైన్లు. అక్కడి సిస్టమ్‌ల బాగోగులు చూసేది నేనే. ఆయన తన 17 అంగుళాల చదరపు మానిటర్‌ని వదలడు. 1280×1024 చుక్కల (పిక్సెళ్ల) తెర అది. ఎ4 పేజీ నిలువుగా పెట్టుకుని తెలుగు అక్షరాల "అను" ఫాంట్స్‌లో కంపోజ్ చేయడానికి ఇప్పటి వెడల్పు మానిటర్ల కన్నా అదే హాయి అంటాడు. లెక్క కట్టి చూస్తే ఆయన మాట నిజమే. ఆ తెర ఎత్తు దాదాపు 10.6 అంగుళాలు, 18.5 అంగుళాల వైడ్ మానిటర్ ఎత్తు 9 అంగుళాల చిల్లర. పెద్ద బ్యానర్ల పని కోసం కొత్త కార్డు వేసినరోజు మాకూ మీలాగే అయింది. "ఏరా, ఇంత డబ్బు పోసి కొన్నది బొమ్మే చూపించదా?" అని బాబాయి మొదలుపెట్టాడు. ఇప్పుడు అదే మానిటర్ అదే కార్డు మీద శుభ్రంగా నడుస్తోంది.

అసలు సంగతి ఏమిటంటే, వీజీఏ అనేది 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చిన అనలాగ్ పద్ధతి. 15 పిన్నుల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకి తలా ఒక తీగ. ఒక్కో తీగలో 0 నుంచి 0.7 వోల్టుల మధ్య ఎంత వోల్టేజీ ఉంటే ఆ రంగు అంత ప్రకాశంగా కనిపిస్తుంది. గీత ఎక్కడ మొదలవ్వాలి, తెర ఎక్కడ మొదలవ్వాలి అని చెప్పడానికి ఇంకో రెండు సింక్ తీగలు. హెచ్‌డీఎంఐలో అలా హెచ్చుతగ్గులయ్యే వోల్టేజీ ఏదీ ఉండదు, వచ్చేదంతా ఒకట్లూ సున్నాలే. ఆ అంకెలను చదివి వోల్టేజీగా మార్చే చిప్పు ఒకటి మధ్యలో ఉండాలి.

పాత కార్డుల్లో ఆ పని కార్డే చేసేది. 2010 డిసెంబర్‌లో ఇంటెల్, ఏఎండీ మరికొన్ని కంపెనీలతో కలిసి 2015 నాటికి వీజీఏని తప్పిస్తామని ప్రకటించాయి. తర్వాత ఏఎండీ 2013లో ఆర్9 290తో, ఎన్విడియా 2016లో జీటీఎక్స్ 1080తో అనలాగ్ అవుట్‌పుట్ తీసేయడం మొదలుపెట్టాయి. కాబట్టి మీ 3050లో అనలాగ్ అన్నది లేనే లేదు. మీరు కొన్న చవక కేబుల్ బహుశా ఇటు పిన్నుల్ని అటు పిన్నులకి కలిపిన ఉత్త తీగలే. టేపురికార్డర్‌లో పెన్‌డ్రైవ్ దూర్చినట్టు, పాట లోపల ఉన్నా వినిపించదు. అయితే కొన్ని కేబుళ్లలో వీజీఏ తల లోపలే చిప్పు దాచి ఉంటుంది, అందుకే చూపుతో తేల్చలేం. ప్యాకెట్ మీద "యాక్టివ్" అనో "కన్వర్టర్" అనో ఉండాలి, ఎంత రిజల్యూషన్ (తెర మీద చుక్కల లెక్క) దాకా ఇస్తుందో రాసి ఉండాలి. అవేవీ లేకుండా ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి ఇచ్చినదాన్ని నేనైతే నమ్మను.

కన్వర్టర్ కొనేముందు పైసా ఖర్చులేని దారి ఒకటి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మీ మదర్‌బోర్డు వెనక వీజీఏ పోర్టు ఉందా? ఉంటే, ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ (విడి కార్డు లేకుండా బొమ్మ చూపించే భాగం) కూడా ఉంటే, మానిటర్‌ని అక్కడే తగిలించి కొత్త కార్డుతో పని చేయించుకోవచ్చు. కార్డు వేయగానే చాలా బోర్డులు సొంత గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. అందుకని బయోస్‌లోకి (విండోస్ రాకముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి) వెళ్లి "ఐజీపీయూ మల్టీ మానిటర్" లేదా "ఇంటర్నల్ గ్రాఫిక్స్" లాంటి పేరుతో ఉండే ఆప్షన్‌ని ఆన్ చేయాలి. తర్వాత విండోస్ 10 లేదా 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అని వెళ్లి, తమ్ముడు వాడే సాఫ్ట్‌వేర్‌కీ గేమ్‌కీ "హై పెర్ఫార్మెన్స్" ఎంచుకోవాలి. లెక్కలన్నీ ఆర్‌టీఎక్స్ చేస్తుంది, తయారైన బొమ్మని సొంత గ్రాఫిక్స్ మానిటర్‌కి పంపుతుంది. వేగం కొద్దిగా తగ్గుతుంది, కానీ ఈ మానిటర్ మీద తేడా కనిపెట్టడం కష్టం. ఇంటెల్‌లో పేరు చివర "ఎఫ్" ఉన్నవి (10400ఎఫ్, 12400ఎఫ్ లాంటివి), రైజెన్‌లో 3600, 5600 లాంటివి అయితే ఈ దారి మూసుకుపోయినట్టే. వాటిలో సొంత గ్రాఫిక్స్ ఉండదు, బోర్డు మీద వీజీఏ పోర్టు అలంకారానికే. 5600జీ లాంటి "జీ" రకానికి ఉంటుంది.

ఆ దారి లేకపోతే కన్వర్టర్ కొనండి. ఇక్కడ నా సలహా సూటిగా చెప్తాను: హెచ్‌డీఎంఐది కాదు, డిస్‌ప్లేపోర్ట్ నుంచి వీజీఏకి వెళ్లేది తీసుకోండి. షాపుల్లో హెచ్‌డీఎంఐవే ఎక్కువ కనిపిస్తాయి, అడిగితే తప్ప రెండోది చూపించరు. కారణం కరెంటు. లోపలి చిప్పు నడవడానికి విద్యుత్తు పోర్టు నుంచే రావాలి. హెచ్‌డీఎంఐ పోర్టు 5 వోల్టుల దగ్గర కచ్చితంగా ఇవ్వాల్సింది 55 మిల్లీ ఆంపియర్లే, డిస్‌ప్లేపోర్ట్ 3.3 వోల్టుల దగ్గర 500 దాకా ఇస్తుంది. అందుకే హెచ్‌డీఎంఐ కన్వర్టర్లలో కొన్నింటికి పక్కన చిన్న యూఎస్‌బీ పోర్టు పెడతారు. బొమ్మ వచ్చి పోతుంటే దానికి ఫోన్ ఛార్జర్ వైరు తగిలించి చూడాలి. బాబాయి దగ్గర మొదట పెట్టిన హెచ్‌డీఎంఐ ముక్క పనిచేసింది కానీ మే నెల మధ్యాహ్నాల్లో వేడెక్కి తెర నల్లబడేది. డిస్‌ప్లేపోర్ట్‌ది పెట్టాక ఆ గొడవ లేదు, సిస్టమ్ ఆన్ చేయగానే బయోస్ తెర కూడా కనిపిస్తోంది. ఇంకో లాభం, హెచ్‌డీఎంఐ పోర్టు టీవీ కోసం ఖాళీగా ఉంటుంది.

కొనేటప్పుడు దిశ చూసుకోండి. "వీజీఏ టు హెచ్‌డీఎంఐ" అనేది పాత కంప్యూటర్ని కొత్త టీవీకి కలిపే వేరే వస్తువు, తిప్పి పెడితే పనిచేయదు. గవర్నర్‌పేట వైపు షాపుల్లో అడిగేటప్పుడు "కార్డు వైపు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ వైపు వీజీఏ" అని విడమరిచి చెప్పండి. అలాగే పోర్టుకి నేరుగా గుచ్చే మొండి ముక్క కన్నా జానెడు తోక ఉన్నది మేలు. వీజీఏ కేబుల్ లావుగా, బిరుసుగా ఉంటుంది, ఆ బరువంతా కార్డు పోర్టు మీద వేలాడకూడదు. మాకు హెచ్‌డీఎంఐది, డిస్‌ప్లేపోర్ట్‌ది రెండూ 500 రూపాయల లోపే దొరికాయి. పనిచేయకపోతే మార్చి ఇస్తారా అని ముందే అడగండి.

కింద ఒకరు డీవీఐ (హెచ్‌డీఎంఐ కన్నా ముందు వచ్చిన మానిటర్ పోర్టు) గురించి అడిగారు కాబట్టి ఒక ముక్క. సెకండ్ హ్యాండ్‌లో దొరికే జీటీఎక్స్ 750 టీఐ, 960 లాంటి కార్డుల్లో సాధారణంగా డీవీఐ-ఐ ఉంటుంది. అడ్డంగా ఉన్న చీలిక చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలు కనిపిస్తే అదే. ఆ నాలుగింట్లో అనలాగ్ వస్తుంది, చిప్పు లేని చవక అడాప్టర్ చాలు. జీటీఎక్స్ 1060, ఆర్‌ఎక్స్ 580 వంటివాటిలో ఉండేది డీవీఐ-డి, ఆ రంధ్రాలు ఉండవు. అడాప్టర్ పట్టట్లేదని ఆ నాలుగు పిన్నుల్ని కటింగ్ ప్లేయర్‌తో తీసేసి గుచ్చేవాళ్లని చూశాను. లోపలికి దూరుతుంది, బొమ్మ మాత్రం రాదు.

ఇక బొమ్మ వచ్చాక వచ్చే చికాకులు. మీ మానిటర్ సహజ రిజల్యూషన్ ఎంతో ముందు తెలుసుకోండి. 19 అంగుళాల వెడల్పుది అయితే ఎక్కువగా 1440×900, చదరపుది అయితే 1280×1024. మానిటర్ తన వివరాలు కేబుల్‌లోని 12, 15 నంబర్ల పిన్నుల ద్వారా చెప్పుకుంటుంది. చవక వీజీఏ కేబుళ్లలో ఆ తీగలు ఉండకపోవచ్చు, అప్పుడు విండోస్ 1024×768 దగ్గరే ఆగిపోతుంది. కొన్ని కన్వర్టర్లు ఇంకా ఘోరం. మానిటర్‌ని అడగకుండా "ఇది 1920×1080" అని కార్డుకి తామే చెప్పేస్తాయి. అప్పుడు తెర మీద "అవుట్ ఆఫ్ రేంజ్" అనో "ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్" అనో తిరుగుతుంటుంది. దాన్ని చూసి మళ్లీ కార్డుని అనుమానించకండి, నిజానికి సిగ్నల్ అందుతోందనడానికి అదే రుజువు. టీవీని రెండో తెరగా పెట్టి, అక్కడి నుంచి మానిటర్ రిజల్యూషన్ తగ్గించి 60 హెర్ట్జ్‌లో (సెకనుకి 60 సార్లు బొమ్మ మారే వేగంలో) పెడితే సర్దుకుంటుంది. 18.5 అంగుళాల 1366×768 మానిటర్లు ఉన్నవాళ్లకి 1360×768 మాత్రమే కనిపిస్తే కంగారు వద్దు. 1366ని 8తో భాగించలేం, అందుకే అలా సర్దుతారు.

అక్షరాలు మసకగా, నీడ పడినట్టు ఉంటే మానిటర్ మీద ఉన్న "ఆటో" బటన్ నొక్కండి. ఎల్‌సీడీ లోపల అంతా డిజిటలే కాబట్టి, కన్వర్టర్ వోల్టేజీగా మార్చినదాన్ని మానిటర్ మళ్లీ అంకెలుగా మార్చుకుంటుంది. ఎక్కడెక్కడ కొలవాలో అది సరిగ్గా కుదుర్చుకోవాలి. నల్లటి తెర మీద నొక్కితే ఉపయోగం లేదు, తెల్లటి పేజీ నిండా అక్షరాలున్న ఫైల్ తెరిచి అప్పుడు నొక్కాలి. బాబాయి అయితే పంచాంగం పేజీ తెరుస్తాడు, దానికన్నా కిక్కిరిసిన పేజీ ఇంకోటి లేదని. అప్పటికీ నీడ పోకపోతే రెండు చివర్లా నల్లటి గుండ్రటి బుడిపెలున్న లావు కేబుల్, పొట్టిది, మార్చి చూడండి.

రంగుల సంగతి కొస్తే, తెర అంతా పసుపుగా ఉంటే నీలం పిన్ను, గులాబీ ఛాయలో ఉంటే ఆకుపచ్చ పిన్ను, నీలం-ఆకుపచ్చ కలిసినట్టు ఉంటే ఎరుపు పిన్ను అందట్లేదు. ఎక్కడో వంగి ఉంటుంది. 9వ పిన్ను స్థానం ఖాళీగా ఉంటే అది లోపం కాదు, చాలా కేబుళ్లు అలాగే వస్తాయి. నలుపు బూడిదరంగులా వెలిసిపోయి కనిపిస్తే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో "అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్"ని "ఫుల్" చేయండి. కార్డు అవతల ఉన్నది టీవీ అనుకుని రంగుల పరిధి తగ్గించి పంపితే ఇలా అవుతుంది. ప్రింటింగ్ పనికి ఇది ముఖ్యం, మీ తమ్ముడి కోడింగ్‌కి అంత కాదు.

వీజీఏలో సౌండ్ రాదు, స్పీకర్లు ఎప్పటిలా మదర్‌బోర్డుకే పెట్టుకోండి. డబ్బు కట్టి చూసే కొన్ని సినిమా యాప్‌లు అనలాగ్ తెర మీద నాణ్యత తగ్గించొచ్చు, అసలు ఆడకపోనూవచ్చు. అది కాపీ రక్షణ వల్ల, దానికి మనం చేయగలిగింది లేదు.

మరి మానిటర్ ఎప్పుడు మార్చాలి? తమ్ముడు క్యాడ్, కోడింగ్ లాంటివి చేస్తుంటే ఇలాగే ఈ ఏడాది నడిపించేయొచ్చు. గేమ్‌లే ముఖ్యమైతే మాత్రం 3050 లాంటి కార్డుని 60 హెర్ట్జ్ పాత తెరకి కట్టేయడం దండగే, దసరా ఆఫర్ల దాకా ఆగి 1080పి మానిటర్ తీసుకోండి. అప్పుడు పాతదాన్ని పక్కన రెండో తెరగా పెట్టుకోవచ్చు, ఇదే కన్వర్టర్ దానికి పనికొస్తుంది. అంతేగానీ ఈ పాత మానిటర్ కోసం వేలు పోసి పెద్ద కన్వర్టర్లు కొనొద్దు.

మీ మదర్‌బోర్డు, ప్రాసెసర్ మోడల్ నంబర్లు కింద రాయండి, ఖర్చులేని దారి మీకు కుదురుతుందో లేదో చూసి చెప్తాను.