ఇంగ్లాండ్‌లో దారి పక్కన కనబడే రాతి సిలువలు సమాధులా?

కాదండీ. ఊరు, చర్చి ఏవీ లేని బయల్లో ఒంటరిగా ఉండేవి చాలావరకు దారి గుర్తులు, లేదంటే హద్దు రాళ్ళు. నేనూ సమాధులే అనుకునేవాణ్ణి, ప్లిమత్‌లో ఉద్యోగానికి వచ్చాక దగ్గర్లోని డార్ట్‌మూర్ అనే పెద్ద బీడు ప్రాంతానికి వెళ్ళేదాకా.

అక్టోబర్‌లో ఓ ఆదివారం నేనూ మా ఆవిడా అక్కడి ప్రిన్స్‌టౌన్ అనే ఊళ్ళో కారు పెట్టి దక్షిణంగా పోయే మట్టిదారిలో నడిచాం, బయల్దేరినప్పుడు మంచి ఎండ, గంట తిరక్కుండా పొగమంచు కమ్మేసి పది అడుగుల అవతల ఏముందో తెలీలేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు, తూర్పు వైపు ఫాక్స్‌టోర్ మైర్స్ అని పెద్ద ఊబి ఉందని చదివున్నాం కాబట్టి దారి తప్పితే ఎలా అని గుండె దడ. అప్పుడు కనబడింది నన్స్ క్రాస్ అనే రాతి సిలువ, మనకోసం ఎవరో వచ్చి నిలబడ్డట్టు. మ్యాప్‌లో అది ఉంది, ఎక్కడున్నామో తెలిసిపోయింది. మా ఆవిడ రెండు చేతులూ దానికి ఆనించి అలాగే ఉండిపోయింది కాసేపు.

ఏడడుగుల పైన గ్రానైట్ రాయి, పొట్టి చేతులు, ఒళ్ళంతా గరుకు. 1846లో పడి విరిగితే ఇనప పట్టీలతో అతికారు. అక్షరాలు కంటికంటే వేలికే బాగా తెలుస్తాయి: ఒక పక్క సివర్డ్ అని (దీన్ని సివర్డ్స్ క్రాస్ అని కూడా అంటారు), ఇంకో పక్క బక్‌లాండ్ మఠం పేరు. 1240లో రాజుగారి వేట అడవికి హద్దులు నిర్ణయించినప్పుడే పత్రంలో ఈ సిలువ పేరు రాశారు, మఠం పెట్టింది 1278లో, కాబట్టి ఆ రెండో పేరు తర్వాత చెక్కిందే అయ్యుండాలి. అటు బక్‌ఫాస్ట్ మఠం నుంచి ఇటు బక్‌లాండ్, టావిస్టాక్ మఠాల వైపు వెళ్ళే దారిలో ఇలాంటివి వరసగా ఉంటాయి. ఆ మంచులో నిలబడ్డాక ఎందుకు పాతారో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇంగ్లాండ్ ఉత్తరాన నార్త్ యార్క్ మూర్స్ అనే బీడు ప్రాంతానికి వెళ్తే యంగ్ రాల్ఫ్ క్రాస్ అనే సిలువ చూడండి, ఆ నేషనల్ పార్క్ గుర్తు అదే. దాని తల మీద చిన్న గుంట ఉంటుంది, వెనకొచ్చే పేద బాటసారి కోసం అందులో చిల్లర పెట్టే అలవాటు ఉండేది. చూసి రండి గానీ దయచేసి ఎక్కొద్దు, 1961లో ఓసారి, 1984లో ఇంకోసారి విరిగింది ఆ రాయి.