ఊపిరితిత్తుల రక్తనాళాల జబ్బులు చూసే డాక్టర్ కావాలంటే?

ప్రశ్న: మాది గాజువాక. ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతున్నాను. మా పిన్నికి ఆయాసం వస్తుంటే ఆస్తమా అనుకుని చాలాకాలం ఇన్‌హేలర్లు వాడారు. చివరికి పల్మనరీ హైపర్‌టెన్షన్ (ఊపిరితిత్తుల ధమనుల్లో ప్రెషర్ పెరగడం) అని తేలింది. ఈ జబ్బులు చూసే డాక్టర్‌ని కావాలని ఉంది. ఏ కోర్సు చేయాలి సార్?

జవాబు: ఈ జబ్బుల కోసమే విడిగా డిగ్రీ మన దగ్గర లేదమ్మా. ముందు నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. ఆ తర్వాత ఎండీ రెస్పిరేటరీ మెడిసిన్, దానిపైన డీఎం పల్మనరీ మెడిసిన్ ఒక దారి. ఎండీ జనరల్ మెడిసిన్, దానిపైన డీఎం కార్డియాలజీ ఇంకో దారి. ఎండీ 3 ఏళ్లు, డీఎం 3 ఏళ్లు.

ఎటు వెళ్లినా రెండోవైపు పని కూడా నేర్చుకోక తప్పదు. జబ్బు ఊపిరితిత్తుల ధమనుల్లో ఉంటే, భారం పడేది గుండె కుడివైపు మీద. ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, అనుమానం మాత్రమే వస్తుంది. ఖాయం చేయాలంటే మెడ దగ్గరో గజ్జల్లోనో సిరలోంచి సన్నని గొట్టాన్ని గుండె గదుల మీదుగా పల్మనరీ ధమని దాకా పంపి, అక్కడి ప్రెషర్ కొలవాలి. సగటు 20 (బీపీలా పాదరసం మిల్లీమీటర్లలో) దాటితే పల్మనరీ హైపర్‌టెన్షన్. ఇదివరకు 25 దాకా వస్తే తప్ప జబ్బు కింద లెక్కించేవారు కాదు.

నన్నడిగితే రెస్పిరేటరీ వైపే వెళ్లమంటాను. ఆయాసంతో ఉన్న మనిషి చాలాసార్లు మొదట వచ్చేది అక్కడికే. ఆ రోజే అనుమానపడే డాక్టర్ ఉంటే మీ పిన్నికి అన్నాళ్లు వృథా అయ్యేవి కావు. మన విశాఖలోని ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923 నుంచి ఉంది. దానికి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)తో పాటు పెదవాల్తేరులో ఛాతీ ఆసుపత్రి కూడా ఉంది. అక్కడ సీటు వస్తే వదులుకోవద్దు.

సర్జరీ మీద ఇష్టం ఉంటే ఎంఎస్ జనరల్ సర్జరీ, ఆపైన కార్డియోథొరాసిక్ ఎంసీహెచ్. రక్తం గడ్డలు కరగకుండా ధమని గోడలకు పట్టేసి ప్రెషర్ పెరిగిన రోగుల్లో చాలామందిని ఆపరేషన్‌తో బాగుచేయవచ్చు. శరీరాన్ని 20 డిగ్రీల దాకా చల్లబరిచి, రక్తప్రసరణను కాసేపు పూర్తిగా ఆపి, లోపలి పొరతో సహా ఆ గడ్డలను ఒలిచి తీస్తారు.

ఇప్పటికి మాత్రం ఫిజిక్స్‌ని పక్కన పెట్టకు. బైపీసీ పిల్లలు చేసే పొరపాటు అదే. ద్రవాల ప్రవాహం, పీడనం పాఠాలు నీట్‌కే కాదు, రేపు ఈ జబ్బు అర్థం కావడానికీ కావాలి.

నీట్‌లో ర్యాంకు రాకపోతే టెన్షన్ పడొద్దు. కార్డియాక్ టెక్నాలజీలో బీఎస్సీ చేస్తే ఎకో గదుల్లో, గొట్టం పంపి గుండె పరీక్షలు చేసే క్యాథ్‌ల్యాబ్‌లలో పని దొరుకుతుంది. ఈ జబ్బు అనుమానం చాలామందికి మొదట బయటపడేది ఎకో గదిలోనే.