గొడ్డు తగిలాక బండి ఎందుకు నిలబడిపోతుంది?

ఈసారి రాయగడ, గుణుపురం, బరంపురం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి. బండి దేన్నో గుద్దింది, ఆ తర్వాత ఏం జరిగిందో బోగీలో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. లోకో పైలట్ల పనీ, గార్డు పనీ బాగా ఎరిగినవాళ్లు రాసిన జవాబులివి.

ప్రశ్న: పార్వతీపురం దాటాక మా బండి గేదెను గుద్ది ఆగింది. అరగంట కదల్లేదు. గేదె ఎలాగూ చచ్చిపోయింది కదండీ, బయల్దేరడానికి ఇంకేం అడ్డం? – ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: గాలి పోయి ఉంటుందమ్మా. ఇంజను నుంచి ఆఖరి బోగీ దాకా ఒక బ్రేక్ పైపు పోతుంది, సిబ్బంది బీపీ అంటారు. అందులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి ఉన్నంతసేపే బ్రేకులు విడిచి ఉంటాయి. ఎక్కడ లీకైనా ఒత్తిడి పడిపోయి బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి. ఇంజను ముఖాన, బఫర్ల కింద, రబ్బరు గొట్టాలు వేలాడుతుంటాయి చూడండి. ఒకటి బీపీది, ఇంకొకటి 6 కిలోల ఒత్తిడి ఉండే ఫీడ్ పైపుది. నాలుగైదు వందల కిలోల గేదె కిందకి పోతే ముందు దెబ్బ తగిలేది అక్కడే.

ముందు వైపు గొట్టాల మొదట్లో యాంగిల్ కాక్ (గాలిని ఆపే కుళాయి) మూసే ఉంటుంది కాబట్టి ఒక్క గొట్టమే చిరిగితే బండి ఆగదు. కాక్ పిడికి దెబ్బ తగిలి తెరుచుకుంటే గాలి బుస్సుమని పోతుంది. అసిస్టెంట్ పైలట్ దిగి దాన్ని మూస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. కాక్ వెనక ఇనప పైపే విరిగితే మాత్రం చిక్కు. దాన్ని బిగించి ఆపలేకపోతే వేరే ఇంజను రావాల్సిందే.

అంతటితో అయిపోదు. ఇంజను ముందు నాగలి కర్రులా ఉండే క్యాటిల్ గార్డు వంగి కిందకి దిగిందా అని టార్చి వేసి చూడాలి. దిగినదాన్ని అలాగే లాక్కుపోతే ముందు వచ్చే పాయింట్ల దగ్గర (బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే చోట) అది పట్టాకు తగులుకుని ఇంజనే పట్టాలు తప్పొచ్చు. చక్రాల ముందు ఇసక పోసే గొట్టాలు వంగాయా, గేర్ కేసు (పళ్లచక్రాల పెట్టె) పగిలి నూనె కారుతోందా అన్నవీ చూస్తారు. కళేబరం చక్రాల మధ్య ఇరుక్కుంటే గడ్డపారతోనో తాడుతోనో లాగాలి, కొన్నిసార్లు గార్డుతో మాట్లాడుకుని బండిని రెండడుగులు వెనక్కి నడపాలి. పొద్దున్న ఇస్త్రీ చొక్కాతో డ్యూటీ ఎక్కిన మనిషి చేసే పని ఇదంతా. అదే సమయంలో గార్డు (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు) వెనక నుంచి బోగీల కింద చూసుకుంటూ వస్తాడు. చివరికి ఇంజనులో బీపీ ఒత్తిడి తగ్గిస్తే వెనక గార్డు మీటరు ముల్లు కూడా దిగాలి, మళ్లీ 5 కిలోలకి ఎక్కాలి. గాలి చివరిదాకా అందుతోందనడానికి అదే రుజువు. అప్పుడే హారన్ కొట్టి కదులుతారు.

ప్రశ్న: గొడ్డు దూరం నుంచే కనబడుతుంది కదా, బ్రేకు ఎందుకు వెయ్యరు? – గుణుపురం పాఠకుడు

జవాబు: గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. రాత్రి హెడ్‌లైటు వెలుతురులో పనికొచ్చే చూపు సుమారు 300 మీటర్లు. పైలట్ ఎమర్జెన్సీ బ్రేకు వేసినా ప్యాసింజర్ బోగీల్లో చక్రానికి బ్రేకు నొక్కే సిలిండర్లు గాలితో నిండడానికి 3 నుంచి 5 సెకన్లు పడుతుంది. ఆ పాటికే వంద మీటర్లు పోయాయి. ఆపైన ఇనప చక్రం ఇనప పట్టా మీద జారుతుందే తప్ప టైరులా పట్టుకోదు. అన్నీ కలిపి లెక్కేస్తే ఆగేసరికి అరకిలోమీటరు దాటుతుంది. గూడ్సు సంగతి ఇంకా కష్టం. సిలిండర్లు నిండడానికే 18 నుంచి 30 సెకన్లు. కొరాపుట్–రాయగడ లైనులో దిగుడూ మలుపూ కలిసి వస్తే చెప్పనే అక్కర్లేదు.

అందుకే ఒంటి గొడ్డుకు చాలామంది పైలట్లు ముందు హారన్ మీదే చెయ్యి వేస్తారు, మందకైతే బ్రేకు మీద. ఇది దయలేనితనం అనుకోకండి. నిండు గూడ్సుకు మలుపులో ఎమర్జెన్సీ వేస్తే వ్యాగన్లు ఒకదాన్నొకటి తోసుకుని వాటిని కలిపే కప్లింగ్ తెగొచ్చు. ప్యాసింజర్లో చక్రం పట్టేసి జారితే దాని మీద చదును మచ్చ పడుతుంది, బోగీల చక్రాలకి అది 50 మిల్లీమీటర్లు మించకూడదు. కొత్త ఎల్‌హెచ్‌బీ బోగీల్లో జారుడును ఆపే ఏర్పాటు ఉంది, పాత బోగీల్లో ఆ సదుపాయం లేదు.

ప్రశ్న: మా ఆవు రైలు కింద పడిపోయింది. రైల్వే నష్టపరిహారం ఇస్తుందా? – ఒక రైతు, పర్లాకిమిడి

జవాబు: ఇవ్వదండీ. గొడ్లను పట్టాల మీదికి వదిలిన యజమాని మీదే కేసు పెట్టొచ్చు. గట్టు పక్కన తాడు పొడుగ్గా వదిలి గొడ్డును కట్టెయ్యడం ఇటువైపు అలవాటు. ఆ తాడు పట్టా బోల్టుకి చుట్టుకుంటే అది పారిపోదామన్నా పోలేదు.

ప్రశ్న: మనిషి తగిలితే పైలట్ మీద కేసు పడుతుందా? బండి అక్కడ ఎందుకు ఆపుతారు? – బరంపురం పాఠకుడు

జవాబు: ముందు ప్రాణం ఉందేమో చూడ్డానికి. ఉంటే ప్రథమ చికిత్స చేసి, అదే బండిలో వైద్యం దొరికే ముందు స్టేషనుకి తీసుకుపోతారు. లేకపోతే శవాన్ని పట్టాల మీంచి పక్కకి జరిపి, దగ్గర్లో ట్రాక్‌మనో గేట్‌మనో ఉంటే కాపలా పెట్టి, కిలోమీటరు నంబరూ కరెంటు స్తంభం నంబరూ రాసుకుని, ముందు స్టేషన్ మాస్టరుకి మెమో ఇస్తారు. ఆ తర్వాత రైల్వే పోలీసులు పంచనామా చేస్తారు. పైలట్ వాంగ్మూలం తీసుకుంటారు కాని హారన్ కొట్టి, బ్రేకు వేసి, వేగం మీరకుండా నడిపి ఉంటే అతని మీద నేరం ఉండదు. ఎంత వేగంలో ఉన్నాడో ఇంజనులోని స్పీడ్ రికార్డరే చెబుతుంది. పట్టాల మీద నడవడం మాత్రం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరమే, ఆరు నెలల దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ.

రన్ ఓవర్ జరిగాక ఆ రాత్రి పైలట్‌ని రన్నింగ్ రూములో (సిబ్బంది విశ్రాంతి గదిలో) ఒంటరిగా వదలకూడదని సిబ్బందిలో అందరూ అంటారు. చూసే కళ్లు రెండూ ఇంజను క్యాబులోనే ఉంటాయి, పక్కకి తిప్పుకోడానికి స్టీరింగు మాత్రం ఉండదు.

ప్రశ్న: ఆగిన బండి ఇంజను పైన పసుపు లైటు వెలిగి ఆరుతూ కనబడింది. ఏమిటది? – ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: ఫ్లాషర్ లైటు. “నా పక్క లైను ఖాళీగా ఉందో లేదో తెలీదు, ఆగు” అని ఎదురొచ్చే బండికి చెప్పడం. 2017 జనవరి 21న కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి పక్క లైను మీద పడ్డ సంగతి మీ ఊళ్లో అందరికీ గుర్తే. అలాంటప్పుడు లైటు ఒక్కటి చాలదు. సిబ్బంది పక్క లైను మీద పరుగెత్తి 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటర్, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు బిగిస్తారు. వాటి మీద చక్రం ఎక్కితే పేలుతుంది, ఆ చప్పుడుకి పైలట్ ఆపుతాడు.

ప్రశ్న: గేటు మధ్యలో ధాన్యం ట్రాక్టరు ఆగిపోతే ఏం చెయ్యాలి? – గుణుపురం రైతు

జవాబు: ముందు మనుషులు దిగాలి. ధాన్యం తర్వాత. గేట్‌మన్ ఉంటే చెప్పండి, అతని దగ్గర స్టేషనుకి ఫోనూ, ఎర్ర జెండా, డిటొనేటర్లూ ఉంటాయి. ట్రాక్టరును కదిపే ప్రయత్నం ఇద్దరు చేస్తే, తక్కినవాళ్లు బండి వచ్చే వైపు పరుగెత్తాలి. ఏ వైపో తెలీకపోతే రెండు వైపులా. గేటు దగ్గరే నిలబడి చెయ్యి ఊపితే లాభం లేదు, ఆగే దూరం పైన చెప్పాం కదా. జెండా లేకపోతే రెండు చేతులూ తల మీదికి ఎత్తి, అరచేతులు పైలట్‌కి కనబడేలా పట్టుకోవాలి. రాత్రయితే ఏ లైటైనా సరే, సెల్‌ఫోన్‌దైనా, గట్టిగా అటూ ఇటూ ఊపాలి. పైలట్ దాన్ని ప్రమాద సూచనగానే తీసుకుంటాడు. పట్టాల మధ్య మాత్రం నిలబడకండి, గట్టు పక్కకి దిగి ఊపండి.