పిచ్చుకకు గింజలొక్కటే చాలవు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఊరపిచ్చుక గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నందున, ఈ సంచికలో ప్రశ్నలన్నీ ఆ పక్షికే కేటాయించాము.

ప్రశ్న: మలక్‌పేటలోని మా పాత పెంకుటింట్లో చూరు నిండా పిచ్చుకలు ఉండేవి. ఇప్పుడు గచ్చిబౌలిలో తొమ్మిదో అంతస్తులో ఉంటున్నాము. బాల్కనీలో రోజూ జొన్నలు, నూకలు పెడుతున్నా పావురాలే తప్ప ఒక్క పిచ్చుకా రావడం లేదు. సెల్ టవర్ల వల్ల అవి అంతరించిపోయాయంటారు, నిజమేనా?
— ఒక పాఠకురాలు, గచ్చిబౌలి

జవాబు: పిచ్చుకలు అంతరించిపోలేదు. దేశంలోని పక్షుల స్థితిగతులపై 2020లో వెలువడిన నివేదిక ప్రకారం, దేశం మొత్తం మీద చూస్తే గత పాతికేళ్ళలో వాటి సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది; అయితే హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మాత్రం క్రమంగా తగ్గుతూ వచ్చింది. టవర్లే కారణమనడానికి గట్టి ఆధారమేదీ ఇంతవరకు దొరకలేదు. లండన్‌లోని కెన్సింగ్టన్ ఉద్యానవనంలో 1925లో లెక్కపెట్టినప్పుడు 2,603 పిచ్చుకలు ఉండగా, 1948 నాటికి అవి 885కు, 2000 నాటికి కేవలం 8కి పడిపోయాయి. ఈ క్షీణత మొదలయ్యే నాటికి సెల్ ఫోన్ అన్నదే లేదు. గుర్రపు బండ్లు పోయి మోటార్లు రావడంతో, గుర్రాల దాణా నుంచి వీధుల్లో రాలే గింజలు కరవు కావడం ఆనాటి కారణాల్లో ఒకటని భావిస్తారు.

అసలు సంగతి మీరు పెడుతున్న గింజల్లోనే ఉంది. పెద్ద పిచ్చుక గింజలు తిని బతుకుతుంది కానీ, గుడ్డులోంచి వచ్చిన పిల్ల బతకలేదు. మొదటి కొద్ది రోజులూ దానికి కావలసింది గొంగళి పురుగులు, పేనుబంక, చిన్న మిడతలు, సాలీళ్ళు వంటి మెత్తని ఆహారం. తల్లీ తండ్రీ పొద్దంతా తిరిగి వాటిని ఏరి తెచ్చి నోటికి అందిస్తాయి. పావురానికి ఈ ఇబ్బంది లేదు. దాని గొంతు సంచిలో పాల వంటి పదార్థం ఊరుతుంది, దానితోనే పిల్లలను పెంచుతుంది. గూటికి సన్షేడు మీద జానెడు చోటు ఉన్నా సరిపోతుంది. కాబట్టి పురుగూ పుట్రా లేని చోట మనం ఎన్ని గింజలు చల్లినా అవి పావురాలను పెంచుతాయే కాని, పిచ్చుకలను పెంచవు. నగరంలో పిచ్చుకలపై ప్రేమతో జరుగుతున్న పొరపాట్లలో ఇది అన్నిటికన్నా పెద్దదని మా అభిప్రాయం.

కోతల తరువాత వరి కంకులను కుచ్చులుగా అల్లి వసారా దూలాలకూ, గుడి మండపాలకూ వేలాడదీసే ఆనవాయితీ మన ఊళ్ళలో ఉంది. ఎంతో మంచి ఆచారం. అయితే ఆ కంకులు వేలాడిన ఇంటికి పెరడు ఉండేది, పాదుల మీద పురుగులు ఉండేవి, పెంకుల సందుల్లో, దూలం పక్క బొరియల్లో, గోడనున్న పటాల వెనుక గూటికి చోటు ఉండేది. నున్నటి కాంక్రీటు గోడలు, అద్దాలు, ఆవరణ అంతా పరిచిన సిమెంటు టైల్సు, నెలనెలా మందు కొట్టే లాన్లు ఉన్న చోట ఆ మూడింటిలో ఒక్కటీ మిగలదు.

మీరు చేయగలిగినది ఉంది. తొమ్మిదో అంతస్తు పిచ్చుకకు అనువైన ఎత్తు కాదు గనుక, మీ అపార్ట్‌మెంట్ సంఘంతో మాట్లాడి కింది ఆవరణలో గోరింట, కరివేపాకు, దానిమ్మ వంటివి గుబురుగా పెంచి, వాటికి పురుగుల మందు కొట్టకుండా చూడండి. చెక్క గూడు పెట్టదలిస్తే రంధ్రం 32 మిల్లీమీటర్లకు మించకూడదు. అంతకన్నా పెద్దదైతే గోరింకలు ఆక్రమిస్తాయి. మధ్యాహ్నపు ఎండ తగలని గోడకు, పిల్లులకు అందనంత ఎత్తులో, ఒకటి కాకుండా రెండు మూడు గూళ్ళు దగ్గర దగ్గరగా బిగించండి, ఎందుకంటే పిచ్చుకలు ఇరుగుపొరుగుగా గూళ్ళు పెట్టుకోవడానికే ఇష్టపడతాయి.

ప్రశ్న: పిచ్చుక మన దేశపు పక్షేనా? ఇన్ని దేశాల్లో ఎలా ఉంది?
— ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: సుమారు 10,000 సంవత్సరాల క్రితం పశ్చిమాసియాలో వ్యవసాయం మొదలైనప్పుడు ఈ పక్షి మనిషిని ఆశ్రయించి, సాగుతో పాటే విస్తరించిందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. దీని ఉపజాతుల్లో ఒకటి మాత్రం నేటికీ మధ్య ఆసియాలో మనుషులకు దూరంగా గడ్డి గింజలు తింటూ జీవిస్తోంది; చలికాలంలో మన ఉపఖండానికి వలస వస్తుంది. ఈ రెండు రకాల జన్యువులను పోల్చి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఇళ్ళ దగ్గర బతికే పిచ్చుకల్లో రెండు ముఖ్యమైన మార్పులు కనిపించాయి: ఒకటి పుర్రె ఆకృతికి, మరొకటి పిండిపదార్థాన్ని జీర్ణం చేసుకోవడానికి సంబంధించినవి. అంటే మన ధాన్యానికి తగినట్టుగా దాని శరీరమే మారింది.

మిగిలిన ప్రయాణం మనిషి చేయించినదే. 1850ల తొలినాళ్ళలో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, 1860లలో ఆస్ట్రేలియాలో వీటిని తెచ్చి వదిలారు. నేడు అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి. ఇంగ్లండులో 640 మీటర్ల లోతున ఉన్న బొగ్గు గనిలో కూడా కొన్ని పిచ్చుకలు జీవించాయి. న్యూజిలాండ్‌లో ఒక బస్ స్టేషన్‌లోని పిచ్చుకలు సెన్సర్ ముందు ఎగిరి, ఆటోమేటిక్ తలుపులు తెరిపించుకుని ఫలహారశాలలోకి వెళ్ళడం నేర్చుకున్నాయి.

ప్రశ్న: మా స్కూటర్ అద్దాన్ని ఒక మగ పిచ్చుక రోజూ గంటల తరబడి పొడుస్తోంది. దానికేమైనా జబ్బా?
— ఒక పాఠకుడు, బోయిన్‌పల్లి

జవాబు: జబ్బు కాదు. గూడు కట్టే కాలంలో మగ పిచ్చుక తన చోటును కాపాడుకుంటుంది. అద్దంలో కనిపించే తన రూపాన్నే మరో మగపిట్టగా భావించి పోరాడుతుంది. అది ఊరికే అలసిపోకుండా కొన్ని వారాల పాటు అద్దాలకు గుడ్డ సంచి తొడగండి.

ఈ కాలంలోనే దాని ముక్కు నల్లబడుతుంది, గొంతు మీది నల్ల మచ్చ ఇంకా స్పష్టమవుతుంది. ఆ మచ్చ కోసం కొత్త ఈకలేమీ రావు. ఈకలు మారిన కొత్తలో వాటి చివర్లు లేత రంగులో ఉండి నలుపును కప్పుతాయి. అవి అరిగేకొద్దీ అడుగున ఉన్న నలుపు బయటపడుతుంది. మచ్చ పెద్దదైన పిచ్చుకే గుంపులో పెత్తనం చేస్తుందని చాలాకాలం రాస్తూ వచ్చారు కానీ, అంతకుముందరి అధ్యయనాలన్నిటినీ కలిపి 2018లో పరిశీలించినప్పుడు ఆ మాటకు గట్టి ఆధారం దొరకలేదు.

ప్రశ్న: గూటి నుంచి పిల్ల కింద పడితే ఏం చేయాలి?
— ఒక గృహిణి, కాచిగూడ

జవాబు: ఈకలు రాని పిల్లయితే మెల్లగా తీసి గూటిలోనే పెట్టండి. మనిషి చేయి తగిలితే తల్లి దగ్గరకు రానివ్వదన్నది అపోహ మాత్రమే. ఈకలు వచ్చి, గెంతుతున్న పిల్లయితే అది ఎగరడం నేర్చుకుంటున్నదని గ్రహించి, పిల్లులు, కుక్కలు రాకుండా చూసి దూరంగా జరగండి. తల్లిదండ్రులు వచ్చి మేపుతాయి. పాలు, పాలలో నానబెట్టిన బ్రెడ్డు పెట్టకండి, నోట్లో నీళ్ళు పోయకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తాయి.