రైల్లో వెళ్తూ మధ్యలో దిగిపోవాలనిపించడం జబ్బా?

అరకు రైలు శిమిలిగుడ లాంటి చిన్న స్టేషన్‌లో ఆగగానే, ఉద్యోగం, ఇల్లు అన్నీ వదిలేసి అక్కడే దిగిపోవాలనిపిస్తోందని, ఇదేమైనా జబ్బా అని అడిగారు. కాదు. చాలామందికి వచ్చే ఆలోచనే.

ప్రయాణంలో మనకు పని చెప్పేవాళ్లుండరు, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. పైగా కిటికీలోంచి కొండలు, పొగమంచు కనిపిస్తాయి గానీ, వానాకాలంలో అక్కడివాళ్లు ఆసుపత్రికి వెళ్లడానికి పడే పాట్లు కనిపించవు. మన ఏడాది మొత్తాన్నీ ఆ ఊరి రెండు నిమిషాల హాల్టుతో పోల్చుకుంటాం, ఇంకేముంది!

నిజంగా జబ్బు అనదగ్గది వేరే ఉంది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో గ్యాస్ కంపెనీ పనివాడు అల్బేర్ దాదాస్ ఉన్నట్టుండి ఇల్లు వదిలి వెళ్లిపోయేవాడు, ఒకసారి మాస్కో దాకా. ఎలా వెళ్లాడో తర్వాత సరిగా గుర్తుండేది కాదు. అతని కేసు మీద డాక్టర్ ఫిలిప్ టిసియే 1887లో సిద్ధాంత వ్యాసం రాశాడు. ఇలాంటి స్థితిని ఇప్పుడు డిసోసియేటివ్ ఫ్యూగ్ అంటున్నారు, చాలా అరుదు. మీకైతే అన్నీ గుర్తున్నాయి, టికెట్ ఎక్కడిదాకా ఉందో కూడా.

ఇంటికొచ్చాక కూడా వారాల తరబడి అదే ధ్యాస, నిద్ర పట్టకపోవడం, ఆఫీసు పేరెత్తితే టెన్షన్ ఉంటే మాత్రం ఒకసారి సైకాలజిస్టును కలవండి.