బంతి లేవకముందే షామియానా విప్పితే: గ్రాఫిక్స్ డ్రైవర్ల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు, లైనక్స్ డ్రైవర్ (ఒక డివైస్‌ని నడిపే కోడ్, కెర్నల్ అంటే లైనక్స్ గుండెకాయలో నడుస్తుంది) తీసేసేటప్పుడు పడే తంటాల గురించే, అందుకని మూడూ ఒకేచోట పెట్టేస్తున్నా.

ప్రశ్న: సార్, నమస్తే. మా బోర్డు మీదున్న చిన్న డిస్‌ప్లే చిప్‌కి డ్రైవర్ రాశాం. మామూలుగా లోడ్ చేసి తీసేస్తే ఏ గొడవా లేదు, కానీ ఇన్స్‌మాడ్ (డ్రైవర్ మాడ్యూల్ లోడ్ చేసే కమాండ్), ఆర్ఎమ్‌మాడ్ (తీసేసే కమాండ్) రెండూ స్క్రిప్ట్‌లో పెట్టి లూప్‌లో తిప్పితే ఒక్కోసారి ముప్ఫయ్యో రౌండ్‌లో, ఒక్కోసారి మూడొందలో రౌండ్‌లో కెర్నల్ ఊప్స్ (లోపల పెద్ద తప్పు జరిగిందనే రిపోర్ట్) కొట్టి బోర్డు బిగుసుకుపోతుంది. ఎక్కడో పట్టుకుందామని ప్రింట్‌కే (కెర్నల్ లాగ్‌లో మెసేజ్ రాసే కాల్) పెడితే ఆ రోజంతా ఊప్స్ రాదు. రిమూవ్ ఫంక్షన్ (డ్రైవర్ తీసేటప్పుడు నడిచేది) మొదట్లో ఎమ్‌స్లీప్ 500 (500 మిల్లీసెకన్లు ఆగు అని) పెట్టా, పోయింది. మా సీనియర్ "సరిపోయిందిలే, చెకిన్ చేసెయ్" అంటున్నారు, నాకు మాత్రం మనసొప్పట్లేదు. కోడ్ జత చేశా.
(ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: మనసొప్పకపోవడమే మంచిదైంది. పోలేదండీ అది, పక్కకి జరిగింది అంతే. ప్రింట్‌కే పెడితే రాకపోవడానికీ ఎమ్‌స్లీప్ పెడితే రాకపోవడానికీ కారణం ఒక్కటే, రెండూ టైమింగ్‌ని కాస్త అటూఇటూ చేశాయి, అంతకుమించి ఏమీ చెయ్యలేదు.

మీ కోడ్ చూశా. ఒక టైమర్ ఉంది, 16 మిల్లీసెకన్లకి మోగుతుంది, మోగగానే ఒక వర్క్‌ని (తర్వాత విడిగా నడిచే పనిని) క్యూలో వేస్తుంది, ఆ వర్క్ వెళ్ళి చిప్ రిజిస్టర్ చదివి ఆఖరి లైన్లో మాడ్ టైమర్ పిలిచి అదే టైమర్‌ని మళ్ళీ పెడుతుంది. రిమూవ్‌లో మీరేం చేశారు, ముందు టైమర్ డిలీట్ సింక్ (టైమర్ తీసెయ్యడం), తర్వాత క్యాన్సిల్ వర్క్ సింక్ (వర్క్ రద్దుచేసి, నడుస్తుంటే అయ్యేదాకా ఆగడం), తర్వాత కేఫ్రీ (మెమరీ వదిలెయ్యడం). చదువుతుంటే పద్ధతిగానే ఉంది. ఇప్పుడు రెండు సీపీయూలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటో సీపీయూలో వర్క్ నడుస్తోంది, ఆఖరి లైన్ ఇంకా రాలేదు. సరిగ్గా అప్పుడే సున్నా సీపీయూలో రిమూవ్ మొదలై టైమర్ డిలీట్ సింక్ అడిగింది, టైమర్ పెండింగ్‌లో లేదు కాబట్టి వెంటనే సరే అని తిరిగొచ్చేసింది. ఒకటో సీపీయూ ఆఖరి లైన్‌కొచ్చి టైమర్ పెట్టేసింది. సున్నా సీపీయూ క్యాన్సిల్ వర్క్ సింక్‌లో నిలబడి వర్క్ పూర్తయ్యేదాకా బుద్ధిగా ఆగింది, పూర్తయింది, కేఫ్రీ చేసింది, ఆర్ఎమ్‌మాడ్ ప్రాంప్ట్ ఇచ్చేసింది. 16 మిల్లీసెకన్ల తర్వాత టైమర్ మోగింది, ఏ మెమరీలో? మీరు ఖాళీ చేసేసిన మెమరీలో.

అయితే రెండు లైన్లూ తారుమారు చేద్దాం అంటారేమో, అదీ నడవదు. ముందు వర్క్ క్యాన్సిల్ చేస్తే ఆ రెండు లైన్ల మధ్యలో టైమర్ మోగి కొత్త వర్క్ వేసేస్తుంది. ఒకదాన్ని ఇంకొకటి లేపుతూ ఉంటే ఏ వరస పెట్టినా సందు దొరుకుతుంది, ఎమ్‌స్లీప్ 500 కాదు 5000 పెట్టినా ఆ గొలుసు తెగదు, ఎందుకంటే మీరు నిద్రపోతున్నంతసేపూ అవి రెండూ తిరుగుతూనే ఉంటాయి.

దీనికోసమే 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 కెర్నల్‌లో టైమర్ షట్‌డౌన్ సింక్ అని పెట్టారు. డిలీట్ చేస్తే టైమర్‌ని మళ్ళీ పెట్టుకోవచ్చు, షట్‌డౌన్ చేస్తే పెట్టుకోలేరు, లోపల ఫంక్షన్ పాయింటర్‌ని (మోగితే ఏ ఫంక్షన్ నడవాలో చెప్పే అడ్రస్‌ని) నల్, అంటే ఖాళీ చేసేస్తుంది కాబట్టి తర్వాత ఎవరు మాడ్ టైమర్ పిలిచినా అది చప్పుడు చెయ్యకుండా ఊరుకుంటుంది. ముందు టైమర్ షట్‌డౌన్ సింక్, ఆ తర్వాత క్యాన్సిల్ వర్క్ సింక్, మీ కేసుకి ఇంతే మందు. అంతకన్నా పాత కెర్నల్ మీదుంటే ఒక స్పిన్‌లాక్ (ఒకసారికి ఒక్కరినే లోపలికి రానిచ్చే తాళం), దాని కింద "ఆపేస్తున్నాం" అనే ఒక ఫ్లాగ్ పెట్టుకుని, వర్క్ ఆ లాక్ పట్టుకునే ఫ్లాగ్ చూసి మరీ టైమర్ పెట్టేలా చెయ్యండి. లాక్ లేకుండా ఉత్త ఫ్లాగ్ పెడితే మళ్ళీ మొదటికే, చూడడానికీ పెట్టడానికీ మధ్య సందు అలాగే ఉంటుంది.

ఇంకోటి, మీ ఇంటరప్ట్ హ్యాండ్లర్ (చిప్ పిలిచినప్పుడు నడిచే ఫంక్షన్) కూడా అదే వర్క్‌ని క్యూలో వేస్తోంది, మీరు గమనించారో లేదో. కాబట్టి చిప్‌లో ఇంటరప్ట్‌లు ఆపి, ఫ్రీ ఐఆర్‌క్యూ పిలిచి (ఐఆర్‌క్యూ అంటే ఇంటరప్ట్ లైన్, దాన్ని వదిలేస్తుంది, నడుస్తున్న హ్యాండ్లర్ అయిపోయేదాకా అది ఆగుతుంది) ఆ తర్వాతే వర్క్ క్యాన్సిల్. పెళ్ళిలో చూస్తాం కదా, ముందు గేటు దగ్గర కొత్తవాళ్ళని ఆపాలి, బంతిలో కూర్చున్నవాళ్ళు చేతులు కడుక్కునేదాకా ఆగాలి, అప్పుడు షామియానా విప్పాలి, మనం మాత్రం పులుసు వడ్డిస్తుండగానే గుంజలు పీకేస్తున్నాం.

ఐఆర్‌క్యూ అంటే గుర్తొచ్చింది. ఒకప్పుడు నేను పనిచేసిన చోట మెమరీ ముందు ఫ్రీ చేసి ఐఆర్‌క్యూ తర్వాత వదిలా, మా డివైస్ ఎలాగూ ఆగిపోయింది కదా, ఇక ఇంటరప్ట్ ఎక్కడినుంచి వస్తుందిలే అని ధీమా. అదే లైన్‌ని నెట్‌వర్క్ కార్డు కూడా పంచుకుంటోందని ఎవరికి తెలుసు, దానికి ప్యాకెట్ వచ్చినప్పుడల్లా మా హ్యాండ్లర్ని కూడా పిలుస్తుంది. రెండు వారాలు నెట్‌వర్క్ వాళ్ళని తిట్టాక డీబగ్ షేర్డ్ ఐఆర్‌క్యూ ఆప్షన్ ఆన్ చేశాం, షేర్డ్ లైన్ వదిలేటప్పుడు అది కావాలనే హ్యాండ్లర్ని ఇంకోసారి పిలిచి చూస్తుంది, మొదటి ఆర్ఎమ్‌మాడ్‌కే కూలింది. ఆ రోజు వాళ్ళకి టీ నేనే ఇప్పించా.

ఇక ప్రింట్‌కేతో వెతకడం మానేసి కేశాన్ (మెమరీని తప్పుగా ముట్టుకుంటే పట్టే కెర్నల్ టూల్) ఆన్ చేసి కెర్నల్ కట్టుకోండి, 2015 నుంచీ ఉన్నదే. బోర్డు నెమ్మదిస్తుంది, మెమరీ ఎక్కువ తింటుంది, కానీ ఫ్రీ చేసిన మెమరీ ముట్టుకోగానే ఎవరు ముట్టుకున్నారు, ఎవరు తీసుకున్నారు, ఎవరు వదిలారు, మూడు స్టాక్‌లూ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితాలు) ముందు పెడుతుంది. మీ కేసులో మొదటి స్టాక్‌లో టైమర్ కోడ్, మూడోదాంట్లో మీ రిమూవ్ కనబడితే నేను పైన చెప్పిందే అనుకోండి. ఆ రిపోర్ట్ ప్రింట్ తీసి సీనియర్ గారి టేబుల్ మీద పెట్టండి, మీరేం మాట్లాడక్కర్లేదు.

ప్రశ్న: అన్నా, నేను బీటెక్ ఫైనల్ ఇయర్. స్క్రీన్ ఆన్‌లో ఉండగా గ్రాఫిక్స్ మాడ్యూల్ తీద్దామంటే "మాడ్యూల్ వాడకంలో ఉంది" అని ఆపేస్తోంది కదా, మరి ఎవరైనా వాడుతుండగా డ్రైవర్ పోవడం అనేదే ఎలా జరుగుతుంది?
(ఒక విద్యార్థి, కాకినాడ)

జవాబు: మంచి డౌట్ తమ్ముడూ. మాడ్యూల్‌ని ఎంతమంది వాడుతున్నారనే ఆ లెక్క కాపాడేది మాడ్యూల్ కోడ్‌ని, డివైస్‌ని కాదు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన డివైస్‌లనీ డ్రైవర్లనీ ఫైళ్ళలా చూపించే చోటు) డ్రైవర్ ఫోల్డర్ కింద అన్‌బైండ్ అని ఒక ఫైల్ ఉంటుంది, అందులో డివైస్ అడ్రస్ ఎకో చేసి చూడు (ల్యాప్‌టాప్ మీద వద్దు, వర్చువల్ మెషీన్లో), ఎంతమంది ఫైల్ తెరిచి కూర్చున్నా సరే రిమూవ్ నడిచేస్తుంది. అంతదాకా ఎందుకు, యూఎస్‌బీకి తగిలించే డిస్‌ప్లే అడాప్టర్లు ఉన్నాయిగా, 2012 నుంచీ కెర్నల్‌లో వాటికి యూడీఎల్ డ్రైవర్ ఉంది, సినిమా నడుస్తుండగా కేబుల్ పీకేస్తే ఏ లెక్కా నిన్ను అడగదు.

అప్పుడు హార్డ్‌వేర్ పోయింది కానీ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ చేతిలో తెరిచిన ఫైల్ ఇంకా ఉంది, అది రేపు మూసినా మూయొచ్చు. అంటే ఇక్కడ ఆయుష్షులు రెండు, హార్డ్‌వేర్‌ది ఒకటి, దాన్ని చూపించే డీఆర్ఎమ్ (కెర్నల్‌లో గ్రాఫిక్స్ చూసే భాగం) డివైస్ స్ట్రక్చర్‌ది ఒకటి. కొత్తగా రాసేవాళ్ళు ఆ స్ట్రక్చర్‌ని డెవ్‌ఎమ్ కేజెడ్ అలాక్‌తో తీసుకుంటారు, అది రిమూవ్ అవ్వగానే మాయమవుతుంది, తర్వాత ఆ ఫైల్ మూసినప్పుడు కెర్నల్ వెళ్ళి లేని మెమరీని తడుముతుంది. 2020లో వచ్చిన డెవ్‌ఎమ్ డీఆర్ఎమ్ డెవ్ అలాక్ వాడితే ఆఖరి ఫైల్ మూసేదాకా స్ట్రక్చర్ బతికే ఉంటుంది.

రిజిస్టర్లు ముట్టుకునే ప్రతిచోటా ముందు డీఆర్ఎమ్ డెవ్ ఎంటర్, అయ్యాక డీఆర్ఎమ్ డెవ్ ఎగ్జిట్ పెట్టాలి. 2018 నుంచి దీని వెనక ఎస్‌ఆర్‌సీయూ (లోపలున్నవాళ్ళు ఎప్పుడు అయిపోయారో కనిపెట్టే కెర్నల్ పద్ధతి) ఉంది, డీఆర్ఎమ్ డెవ్ అన్‌ప్లగ్ పిలిస్తే కొత్తగా ఎవర్నీ లోపలికి రానివ్వదు, లోపలున్నవాళ్ళు బయటికొచ్చేదాకా ఆగుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే బోర్లాపడతారు: అన్‌ప్లగ్ ముందు పిలిచేసి ఆ తర్వాత అటామిక్ హెల్పర్ షట్‌డౌన్ పిలిస్తే, డిస్‌ప్లే ఆపే కోడ్ కూడా ఎంటర్ దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే డివైస్ పోయిందని అప్పటికే రాసేశాం. కేబుల్ నిజంగా పీకితే ఫర్వాలేదు, అక్కడ ఆపడానికేం లేదు, కానీ మామూలు ఆర్ఎమ్‌మాడ్‌లో చిప్ వెలుగుతూనే మిగిలిపోవచ్చు. ఎప్పటికీ ఊడిరాని ప్యానెల్ అయితే అన్‌ప్లగ్ బదులు అన్‌రిజిస్టర్ చాలు, ఇది నా అలవాటు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు.

ప్రశ్న: మా మాడ్యూల్లో పాత బఫర్లని కాల్ ఆర్‌సీయూతో (వాటిని చదువుతున్నవాళ్ళు అయిపోయాకే మన ఫంక్షన్‌ని నడిపేది) వదులుతాం. ఎగ్జిట్‌లో సింక్రనైజ్ ఆర్‌సీయూ పెట్టినా అప్పుడప్పుడూ కూలుతోంది, కూలినప్పుడు అడ్రస్ అసలు ఏ ఫంక్షన్‌దో కూడా చూపించట్లేదు.
(డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఫంక్షన్ పేరు రాకపోవడమే ఆనవాలు అమ్మా, ఆ కోడ్ మెమరీలోంచి వెళ్ళిపోయింది. సింక్రనైజ్ ఆర్‌సీయూ చదివేవాళ్ళ కోసం ఆగుతుంది, మీరు క్యూలో వేసిన కాల్‌బ్యాక్‌ల (తర్వాత నడవాల్సిన ఫంక్షన్ల) కోసం ఆగదు. ఆగేది ఆర్‌సీయూ బ్యారియర్. కొత్త కాల్ ఆర్‌సీయూలు రాకుండా ముందు అన్నీ ఆపి, ఎగ్జిట్‌లో అది పెట్టండి. కాల్‌బ్యాక్‌లో మళ్ళీ కాల్ ఆర్‌సీయూ చేసుకునే కోడ్ ఉంటే మాత్రం ముందు దాన్ని ఆపాలి, లేకపోతే బ్యారియర్ దాటాక ఇంకోటి మిగులుతుంది. కాల్‌బ్యాక్‌లో ఉత్త కేఫ్రీ తప్ప ఇంకేం లేకపోతే కేఫ్రీ ఆర్‌సీయూకి మారిపోండి, అప్పుడు మీ మాడ్యూల్ ఫంక్షన్‌తో దానికి పనే ఉండదు.